దీనికోసం ఎవరూ రావద్దు

వీరవేణి గోంగూర కట్ట ఎత్తి, మెడలో వేలాడుతున్న పలుకుబిళ్ళను దానికి ఆనించింది. "తెల్లవారి కోసినది," అంది బిళ్ళ, అమ్మకందారు గొంతుతో. ఆ వెంటనే మరో గొంతు వినిపించింది. "తెల్లవారా, నా మొహమా! నిన్న సాయంత్రం ఇదే కట్ట ఇక్కడే చూశాను."

వీరవేణి కట్ట దించేసింది. కూరలమ్మే మనిషి ఆ వ్యాఖ్య పెట్టినవాళ్ళెవరో గాని వాళ్ళ వంశం మొత్తాన్నీ తలుచుకోవడం మొదలుపెట్టింది. కొత్త ఉప్పాడ సంతలో రోజూ జరిగే భాగోతమే కాబట్టి ఎవరూ తల తిప్పి చూడలేదు.

ఒకప్పుడు ఈ గురుతులు కంప్యూటర్లలోని దస్త్రాలకు మాత్రమే ఉండేవట. ఏ దస్త్రం ఎక్కడ దాచామో మరిచిపోకుండా దాని మీద ఒక మాట అంటించుకునేవారు. అదే గురుతు. ఇంకా చెప్పవలసింది ఉంటే దాని కింద నాలుగు ముక్కలు రాసుకునేవారు. అది వ్యాఖ్య. వాడుకున్నవాడికి తప్ప మరొకడికి అక్కరలేని ఆ చిన్న సదుపాయం పాకి పాకి ఇళ్ళకు, బళ్ళకు, కూరలకు, చివరికి మనుషులకూ అంటుకుంది. పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వ గణనాలయంలో ఒక పేటిక ఏర్పడుతుంది. పేటికలో అరలు, అరల్లో దస్త్రాలు, వాటి మీద గురుతులు, వ్యాఖ్యలు. వాటన్నిటినీ చదివి, తూచి, ఎవరికి ఏ చదువు తగునో, ఏ వైద్యం ముందు అందాలో, ఏ కొలువు ఇవ్వవచ్చో తేల్చే యంత్రానికి వర్గిణి అని పేరు. వర్గిణి వచ్చాక సిఫార్సులు పోయాయి, లంచాలు పోయాయి. జనం దాన్ని మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. చిన్న చిన్న ఇబ్బందులు ఉంటే ఉండవచ్చు. వీరవేణి ఇంటి పేటిక మీద ఎవరో చుట్టం "ఇక్కడ చారు అమోఘం" అని వ్యాఖ్య పెట్టి పోయినప్పటినుంచి, మధ్యాహ్నం పూట ముక్కూ మొహం తెలియనివాళ్ళు తలుపు తట్టడం అలాంటి ఇబ్బందే.

సంత నుంచి ఆమె నేరుగా అల్లికశాలకు వెళ్ళింది. పాత ఉప్పాడ సముద్రంలో కలిసిపోయాక, అక్కడ పట్టుచీరలు నేసిన కుటుంబాలన్నీ వెనక్కి జరిగి ఈ ఊరు కట్టుకున్నాయి. ఇప్పుడు ఆ మగ్గాల మీద చీరలకు బదులు గట్టువలలు నేస్తున్నారు. కొబ్బరిపీచుతో పేనిన ఆ బెత్తెడు మందపు వలల్ని గట్టునౌకలు తీసుకుపోయి సముద్రంలో దించుతాయి. ఇసుక వాటిలో చిక్కుకుని గట్టు కడుతుంది. ఆ గట్టు నిలిచినన్నాళ్ళే ఈ ఊరూ నిలుస్తుంది. వీరవేణి మొగుడు ధర్మారావు అలాంటి నౌకలోనే ఇంజను మనిషి. నెలకు కొన్నాళ్ళు ఇంట్లో, మిగతా నెలంతా నీళ్ళ మీద.

వాళ్ళ కూతురు మేఖలకు ఇంజను అక్కరలేదు. ఆ పిల్లకు చుక్కాని కావాలి. నౌక నడిపే సారథులను తయారుచేసే విద్యాలయంలో సీటు కోసం పరీక్ష రాసింది. అలల పరీక్షలో తీరం మొత్తానికి మొదటిదిగా వచ్చింది. ఆ మాట విన్ననాడు అల్లికశాలంతా చప్పట్లు కొట్టింది. వీరవేణి మాత్రం, "దానికేం వచ్చులెండి, గుడ్డిగా వేస్తే గురి తగిలింది," అని మగ్గం వైపు తిరిగిపోయింది.

సంతకు వెళ్ళొచ్చిన ఆ రోజు మధ్యాహ్నం మేఖల అల్లికశాల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహంలో నెత్తురు లేదు.

"సీటు రాలేదు," అంది.

"రాకపోవడమేంటే? మొదట వచ్చింది నువ్వే గదా?"

"మార్కులతో కాదు. ఈ ఏడు కొత్త నియమం పెట్టారంట. ప్రాణాలతో పనుండే కొలువులకి మాతృవ్యాఖ్య కూడా చూస్తారంట." మేఖల తన మెడలోని బిళ్ళను నొక్కింది. "కారణం అదే అయితే అభ్యర్థికి వినిపించి తీరాలంట. వినిపించారు. నువ్వూ విను."

బిళ్ళ నుంచి వచ్చింది వీరవేణి గొంతే. కాకపోతే చాలా పాతది, లేతది, బాలింత నీరసం ఇంకా వదలనిది. "గురుతు, చెత్త. వ్యాఖ్య. నల్లది, మొద్దుది. ఎందుకూ పనికిరాదు. దీనికోసం ఎవరూ రావద్దు."

మగ్గాల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది.

"ఒక్కసారి కాదమ్మా. ప్రతి పుట్టినరోజుకీ ఉంది. పదిహేడుసార్లూ అదే మాట. బూరెలు వండి పెట్టిన రోజునే, నేను చూడకుండా ఓ మూలకెళ్ళి ఇది చెప్పేదానివా?" మేఖలకు కన్నీళ్ళు రాలేదు. "నువ్వు ఏనాడూ నన్ను బాగున్నావనలేదు. మాటవరసకి తిడుతున్నావనుకునేదాన్ని. దస్త్రంలో పెట్టేవని తెలీదు."

వీరవేణి మగ్గం దిగింది. ఏం చెప్పాలో ఆమెకు బాగా తెలుసు. ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.

మేఖలకు ముందు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. మొదటివాడిని చూసి వీధంతా బొమ్మలా ఉన్నాడన్నారు. రెండోవాడి బొమ్మల దస్త్రానికి ఊరంతా "ముద్దు" అని గురుతులు తగిలించారు. మూడోసారి నొప్పులు వచ్చేటప్పటికి వీరవేణికి తన ముత్తవ్వ గుర్తుకొచ్చింది. ఆవిడ పేరు పెంటమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఆవిడను చేటలో పెట్టి పెంటకుప్ప దాకా ఈడ్చుకెళ్ళి, మళ్ళీ తెచ్చుకుని, ఆ పేరే పెట్టారట. చావు కూడా ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుందో ఏమో, ఆవిడ పండు ముసలి అయ్యేదాకా బతికింది. బిడ్డకు అలాంటి పేరే పెడదామంటే ధర్మారావు ససేమిరా అన్నాడు. మేఖల అని ముచ్చటైన పేరు పెట్టుకున్నాడు. సరే, పేరు ఆయనిష్టం. పేటిక మీద మొదటి గురుతు పెట్టే హక్కు తల్లిది. పెంటకుప్పలు ఊళ్ళో ఎక్కడా మిగలని కాలంలో, వీరవేణి బిడ్డను ఆ గురుతు దాకా ఈడ్చుకెళ్ళి తెచ్చుకుంది.

ఆమె ఒక్కతే కాదు. ఆ తీరంలో తల్లులందరూ చేసినదే అది. బిడ్డ బుగ్గ మీద కాటుకచుక్క పెట్టినట్టే పేటిక మీద ఒక చెడ్డమాట పెట్టేవారు. ఒకరికొకరు చెప్పుకునేవారు కారు, చెప్పుకుంటే పని చేయదని.

వర్గిణిని తయారుచేసిన పండితులు మరోలా ఆలోచించారు. తండ్రులందరూ పిల్లల్ని బంగారమనే అన్నారు కాబట్టి తండ్రి మాటకు తూకంలో విలువ కట్టలేదు. తల్లి పొగడ్తకూ అంతే. కాని కన్నతల్లే బిడ్డను పనికిరాదంటే? అబద్ధమాడవలసిన అవసరం ఆమెకేముంది? అదీ ఏటేటా మాట మార్చకుండా అంటే? కాబట్టి అన్నిటికంటే బరువైన సాక్ష్యం అదేనని తేల్చారు. పాపం, వాళ్ళకు ఎవరూ చుక్క పెట్టలేదేమో.

"నువ్వు బతకాలని పెట్టేనే," అంది వీరవేణి చివరికి.

"దిష్టికా?" మేఖల నవ్వలేదు. "బతికేను. ఇప్పుడేం చెయ్యమంటావు? ఇక్కడ కూర్చుని పీచు పేనమంటావా?"

వీరవేణి కొంగు బిగించి దోపుకుంది. "పద. పెట్టింది నేనేగా, నేనే తీయిస్తాను."

పేటికాలయం ఊరి మధ్యలో ఎత్తు స్తంభాల మీద కట్టిన తెల్లటి భవనం. లోపల చల్లగా ఉంది, బెంచీలన్నీ నిండి ఉన్నాయి. ఎక్కువమంది ఆడవాళ్ళే. పక్కన కూర్చున్న పిల్లలతో మాటామంతీ లేకుండా నేల చూపులు చూస్తున్నారు. సంగతేమిటో వీరవేణికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

పేటికాధికారి షహనాజ్ గారు వీళ్ళను లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. నిదానమైన మనిషి. అంతా విని, "ఈ రోజు మీలాంటివాళ్ళు చాలామంది వచ్చారమ్మా," అన్నారు. "మాతృవ్యాఖ్యను నేను కొట్టెయ్యలేను. పై అధికారులూ కొట్టెయ్యలేరు. పెట్టినవారే తమ గొంతుతో రద్దు చేయాలి. దాని స్థానంలో మీ అమ్మాయి గురించి నిజం చెప్పాలి. వర్గిణి మీ గొంతులోని తొట్రుపాటును కూడా చదువుతుంది. వల్లించినట్టు చెబితే ఒప్పుకోదు. విద్యాలయం వాళ్ళు ఈ సాయంత్రం జాబితా మూసేస్తారు."

"నిజమంటే?"

"ఉన్నది ఉన్నట్టు. ఆ పిల్ల ఎలాంటిదో."

వీరవేణికి తిట్టు తీసేయడమే పిడుగులాంటి మాట. తీసేసి, ఆ ఖాళీలో పొగడ్త పెట్టమంటున్నారు. అదీ పైకి, పదిమంది వింటుండగా, ఆ పిల్ల సముద్రం మీదకు పోబోయే ముందు.

"ఇంకో దారి లేదాండీ? నన్నేమన్నా చెయ్యమనండి. జరిమానా కట్టమనండి."

"లేదమ్మా."

వీరవేణి కూతురి వైపు తిరిగింది. "ఒసేయ్, పోనీ ఈ ఏడుకి మానెయ్యరాదూ? వచ్చే ఏడు ఆ నియమం ఎత్తేస్తారేమో."

"ఎత్తెయ్యకపోతే?" మేఖల తల్లి కళ్ళలోకి సూటిగా చూసింది. "నీకు భయమైతే చెప్పకు. నేనేమీ అనుకోను. కానీ నేను వెళ్ళాల్సిందేనమ్మా. నౌక ఎక్కించకపోతే వలలు మోసే పడవలో కూలిగానైనా పోతాను. అప్పుడు నువ్వు పెట్టిన చుక్క ఎంత దూరం కాపాడుతుందో చూద్దాం."

అది బెదిరింపు కాదని వీరవేణికి తెలుసు. పిల్ల మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసు. కూలిపడవలకు కప్పు ఉండదు, గాలి తిరిగితే వెనక్కి వచ్చే దారీ ఉండదు. ఇటు చూస్తే భయం, అటు చూస్తే అంతకంటే భయం. వీరవేణి లేచి నిలబడింది.

"చెప్తానండి. కానీ ఒక్క సాయం చెయ్యాలి మీరు. నేను చెప్తుంటే ఎవరూ దీని మొహం చూడకూడదు."

షహనాజ్ గారు ఎందుకని అడగలేదు. తన కుర్చీని గోడవైపు తిప్పుకున్నారు. సగం తెరిచిన తలుపులోంచి ఆ మాట హాల్లోకి వినిపించినట్టుంది, బెంచీల మీది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు గోడవైపు తిరిగిపోయారు. వాళ్ళలో ఎవరో నేల మీద మూడుసార్లు ఉమ్మినట్టు నోటితో చప్పుడు చేశారు.

వీరవేణి బిళ్ళను గుప్పిట్లోకి తీసుకుంది.

"మా మేఖల..." అని ఆగిపోయింది. తిట్టు లేకుండా ఆ పేరు ఆమె నోట రావడం మేఖల ఎప్పుడూ వినలేదు. "మా మేఖల నీళ్ళు చూసి అల ఎక్కడ విరుగుతుందో చెప్పేస్తుందండి. చిన్నప్పుడు, ఉప్పెనొచ్చిన రోజు, శిబిరం మెట్ల మీద కూర్చుని, 'ఇది రాదు, ఇది రాదు, ఇదొస్తుంది' అని చెప్తుంటే మేం బిందెలు సర్దుకున్నాం. భయమేస్తే పాట పాడుకుంటుంది గానీ వెనక్కి తిరగదు. నాకు జ్వరమొస్తే గంజి కాస్తుంది. ఉప్పెక్కువేసి, బాగుందా అని అడుగుద్ది. నేను బాలేదంటాను." ఆమె బిళ్ళను ఇంకా గట్టిగా పట్టుకుంది. "బాగానే ఉంటదండి. ఎప్పుడూ బాగానే ఉంటది. అది నిద్రపోతున్నప్పుడు కూడా దాన్ని కళ్ళారా చూసుకోలేదండి నేను. నా కళ్ళే తగుల్తాయని. అంత బాగుంటది నా పిల్ల."

మేఖల రెండు చేతులతో మొహం కప్పుకుంది. అప్పుడు ఏడ్చింది, పొద్దుటినుంచి రాని ఏడుపంతా.

వర్గిణి గొంతు మాత్రం ఎప్పటిలాగే తొణకకుండా ఉంది. "కొత్త వ్యాఖ్య నిజాయితీ గలదిగా స్వీకరించబడింది. పాత వ్యాఖ్య అసత్యమని ధ్రువీకరిస్తున్నారా?"

"ఆయ్."

"అసత్యం పలకడానికి కారణం?"

"బతకాలని."

"ఆ కారణానికి గురుతు లేదు. పొరపాటు, కోపం, అనారోగ్యం. వీటిలో ఒకటి ఎంచుకోండి."

"అవేవీ కావు. బతకాలనే."

"ఆ కారణానికి గురుతు లేదు."

షహనాజ్ గారు కుర్చీ ఇటు తిప్పారు. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పొరపాటు అని చెప్పేయండమ్మా. అయిపోతుంది. అవతల సమయం లేదు."

"పొరపాటేంటండీ?" వీరవేణికి కోపమొచ్చింది. అంతసేపూ వణికిన మనిషి ఒక్కసారిగా నిటారుగా నిలబడింది. "పొరపాటున అంటారా ఎవరైనా, ఏడాదికోసారి గుర్తు పెట్టుకుని? ఇద్దర్ని పోగొట్టుకుని అన్నాను. ఆ ముక్క తప్పు అని నా నోటితో అంటే, ఇన్నాళ్ళూ దాన్ని కాపాడింది తప్పు అన్నట్టే. అబద్ధం అని ఒప్పుకున్నాను. పొరపాటని మాత్రం అనను. మీ దగ్గర గురుతు లేకపోతే కొత్తది పెట్టండి. దస్త్రానికి గురుతు పెట్టడం పెద్ద విద్యేం కాదు గదండీ, గోంగూరకే పెడుతున్నారు."

కొత్త గురుతు ప్రవేశపెట్టే అధికారం పేటికాధికారులకు ఉంది. ఉందన్నమాటే గాని ఎవరూ వాడరు, వాడితే పైవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవాలి. షహనాజ్ గారు మేఖలను చూడబోయి, గుర్తొచ్చినట్టు చూపు తిప్పేసుకున్నారు. తర్వాత తన బిళ్ళను నొక్కి, "కొత్త గురుతు," అన్నారు. "కారణాల అరలో. బతకాలని."

వర్గిణి ఆలోచించిందో, అలా అనిపించిందో. "స్వీకరించబడింది," అంది.

చీకటి పడేలోగా హాల్లోని ఆడవాళ్ళందరూ ఆ గురుతే ఎంచుకున్నారు. మర్నాటి నుంచి తీరంలోని తక్కిన ఊళ్ళవాళ్ళూ వరస కట్టారు. పిల్లలు తమ గురించి తల్లుల నోట మొదటిసారి మంచిమాట విన్నారు. కొందరు సిగ్గుపడ్డారు, కొందరు నమ్మలేదు, వయసు మళ్ళిన ఒకాయన పోయిన తల్లి పెట్టిన తిట్టునే మళ్ళీ మళ్ళీ వినిపించుకుని గుమ్మంలోనే కూలబడ్డాడట.

మేఖల సీటు మేఖలకు వచ్చింది. బయలుదేరే రోజున వీరవేణి కూతురి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, అరికాలి మీద కాటుకతో ఇంత చుక్క పెట్టింది. "అక్కడ ఏ యంత్రమూ చదవదు," అంది. మేఖల కితకితలకు నవ్వింది. ధర్మారావు గుమ్మం దగ్గర నిలబడి, నా బంగారు తల్లీ అన్నాడు. ఎప్పటిలాగే ఆ మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాత ఇల్లు బోసిపోయింది. సారథుల చదువంతా నౌక మీదే, నౌక ఎక్కినవాళ్ళ బిళ్ళలు లోతు సముద్రంలో పని చేయవు. ఎప్పుడో తీరానికి దగ్గరగా వచ్చినప్పుడు ఒకటి రెండు మాటలు అందేవి. వీరవేణి వల నేస్తూ, ఈ వల దాని నౌకకే వెళ్తుందేమో అనుకుంటూ ఉండేది. పొద్దున లేవగానే గాలి ఎటు వీస్తోందో చూసేది. పేటికలో చుక్క లేదన్న సంగతి ఆమెను ఒక్కరోజూ వదల్లేదు.

గాలివానలు తగ్గిన ఒక ఉదయం సంక్షేమ విభాగం నుంచి ఒకాయన వచ్చాడు. పేరు భాస్కరశాస్త్రి అని చెప్పాడు, నడివయసు, ఈ ప్రాంతానికి కొత్త. కుర్చీలో సర్దుకుని కూర్చోవడానికే చాలాసేపు పట్టింది.

వీరవేణి గబుక్కున ముందుకొచ్చింది. "మా అమ్మాయికేమన్నా..."

"అయ్యో, లేదండీ! మీ అమ్మాయి క్షేమంగా ఉంది. నిన్న రేవు దగ్గరకు వచ్చిందట వాళ్ళ నౌక." ఆయన గొంతు సవరించుకున్నాడు. "విషయం వేరే. ఎలా చెప్పాలో తెలియడం లేదు. రాగానే ఆ అమ్మాయి మీ పేటిక తెరిచి, మీ మీద ఒక గురుతు, ఒక వ్యాఖ్య పెట్టింది. పెద్దవాళ్ళను కించపరిచే వ్యాఖ్య వస్తే మేం వచ్చి విచారించాలి. మీరు వినాలి మరి. బాధపడకండి."

ఆయన బిళ్ళ నొక్కాడు. వెనక గాలి హోరు. ఆ హోరులో మేఖల గొంతు, కొంచెం బొంగురుపోయి, ముద్దముద్దగా.

"గురుతు, చెత్త. వ్యాఖ్య. ముసలిది, గయ్యాళిది. ఎందుకూ పనికిరాదు. దీనికోసం ఎవరూ రావద్దు."

వీరవేణి చటుక్కున గోడవైపు తిరిగిపోయింది. భుజాలు అదరడం చూసి ఆయన కంగారుపడ్డాడు.

"ఏడవకండమ్మా. ఇప్పుడే తీయించేస్తాను. మీరు ఊఁ అంటే చాలు, ఆ అమ్మాయి మీద చర్య కూడా..."

"వద్దు," అంది వీరవేణి. కొంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది. ఆ మొహం చూసి ఆయనకు ఏమీ అర్థం కాలేదు. "తియ్యకండి బాబూ. ఉండనివ్వండి."

"మీకు తెలియడం లేదు. కన్నకూతురి మాట కాబట్టి వర్గిణి దీన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఇది ఉంటే రేపు వైద్యశాలలో మీ వంతు అందరికంటే వెనక్కి పోతుంది."

"పోనివ్వండి. చావు వరసలో నా వంతు వెనక్కి పోవాలనే పెట్టింది నా పిల్ల." ఆమె స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "చారు కాస్తాను, తిని వెళ్దురుగాని. ముందు అది ఇంకోసారి వినిపించండి."

ఆయన బిళ్ళ మళ్ళీ నొక్కాడు.